కొలిచిన బియ్యంలోంచే తియ్యాలి

"మీరెలా రక్షణలోకి వచ్చారు?" అని, అంటే క్రీస్తుని ఎలా నమ్ముకున్నారని, మా చర్చి సంఘంలో కొత్తగా ఎవరు కలిసినా అడుగుతారు. అడిగేవాళ్లు ఒక కల గురించో, డాక్టర్లు వదిలేసిన జబ్బు నయమవడం గురించో వినడానికి ముందే సిద్ధమై ఉంటారు, నా దగ్గర అలాంటిది ఒక్కటీ లేదు. ఒకసారి ఆరాధన అయ్యాక నన్ను లేపి సాక్ష్యం చెప్పమంటే రెండు నిమిషాల్లో ముగించి కూర్చున్నాను. ముందు వరసలో ఉన్న పెద్దాయన "అంతేనా బాబూ" అని పైకే అనేశాడు. ఆ రోజు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను. ఇందులో ఎక్కువ భాగం బియ్యం గురించి, అప్పుల గురించి ఉంటుంది, ముందే చెబుతున్నా.

మాది తెనాలి. ఇంట్లో దేవుడి గది ఉండేది, అమ్మ దీపం పెట్టేది, పరీక్షల ముందు మేమూ వెళ్లి దణ్ణం పెట్టుకునేవాళ్లం, అంతకు మించి నాకు భక్తి అంటూ ఏమీ లేదు. 2016లో ఒంగోలు పక్క అమ్మాయిని పెళ్లి చేసుకున్నాను. తను నర్సు. బాప్టిస్టు కుటుంబం, మాదిగలు. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద 30 రోజుల నోటీసు పెట్టి రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు చేశాం. మా చుట్టాలంతా "మతం వేరు కదరా" అన్నారు. మతం అన్నది మర్యాద కోసం వాడిన మాట, వాళ్ల బాధంతా కులం. మా పిన్ని కొడుకు ఢిల్లీలో ఒక సిక్కు అమ్మాయిని చేసుకున్నప్పుడు మతం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, వచ్చినవాళ్లంతా భోజనాలు బాగున్నాయని చెప్పుకుంటూ వెళ్లారు.

హైదరాబాద్‌లో ఉన్న నాలుగేళ్లూ ఆదివారం తను చర్చిలో ఉంటే నేను బయట కారులో ఏసీ వేసుకుని ఫోన్ చూసుకునేవాణ్ని. ఒకసారి మాత్రం పట్టుబట్టి ఏదో పెద్ద గ్రౌండులో జరుగుతున్న సభకి తీసుకెళ్లింది. స్టేజీ మీద ఒకాయన ఈ ఏడాది కారు, వచ్చే ఏడాది సొంతిల్లు అని దేవుడి తరఫున మాటలిచ్చేస్తుంటే, నా పక్కన కాళ్లకి చెప్పులు లేని ఒకావిడ రెండు చేతులూ ఎత్తి ఏడుస్తోంది. నాకు ఒళ్లు మండింది. "కారు నాకుంది, దాని ఈఎంఐ కట్టే దేవుడెవరో కనుక్కో" అన్నాను ఇంటికొచ్చాక. తను రెండు రోజులు మాట్లాడలేదు. ఆ సభల విషయంలో నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు, ఆ మాట అన్న తీరు మాత్రం తప్పే.

2020 ఏప్రిల్‌లో సగం జీతం అన్నారు, మే నెలాఖరుకి ఉద్యోగమే లేదన్నారు. అప్పటికి నాకు మూడు క్రెడిట్ కార్డులు, ఒక పర్సనల్ లోను, కారు లోను, అన్నీ కలిపి 9 లక్షల 40 వేలు. పాపకి రెండేళ్లు. తన ఆస్పత్రిలో కూడా జీతాలు ఆపారు. కారు అమ్మేసి, ఫ్లాట్ ఖాళీ చేసి, సామాన్లలో సగం వాచ్‌మన్‌కే ఇచ్చేసి జూన్‌లో అత్తగారింటికి చేరాం. బార్డర్ చెక్‌పోస్టు దగ్గర పాస్ చూపించి నాలుగు గంటలు ఎండలో నిలబడ్డాం. ఇల్లరికం వెళ్తున్నానన్న సంగతి ఆ ఎండలో నిలబడ్డప్పుడే బాగా తలకెక్కింది.

ఊరు ఒంగోలుకి ఉత్తరాన, మద్దిపాడు వైపు, గుండ్లకమ్మ ఏటికి దగ్గర. ఇల్లు ఊళ్లో కాదు, ఊరికి తూర్పున, దళితులుండే పల్లెలో. ఇప్పుడు బోర్డు మీద వేరే పేరు ఉంది, పిలిచేవాళ్లు మాత్రం పాత పేరుతోనే పిలుస్తారు. రెండు గదులు, వరండా, రేకుల వంటగది, ఒక గేదె. మామయ్య ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు, పెన్షన్ అని చెప్పుకోడానికి నెలకి మూడు వేల చిల్లర. ఎకరం కౌలుకి తీసుకుని మిర్చి వేస్తాడు.

ఆ ఇంట్లో రోజూ రాత్రి కుటుంబ ప్రార్థన ఉంటుంది. టైము ఎనిమిదిన్నర అంటారు గానీ అసలు టైము అత్తయ్య సీరియల్ అయిపోయాక. చాప పరుస్తారు, మామయ్య బైబిల్ తెస్తాడు, దాని పేజీలు ఊడిపోకుండా టికెట్ల కట్టలకి వేసే రబ్బరు బ్యాండు వేసి ఉంటుంది. ఒక పాట, ఒక అధ్యాయం, తర్వాత మామయ్య ప్రార్థన. నన్ను రమ్మని ఎవరూ అనలేదు. నేను వరండాలో మంచం మీద ఫోన్ పట్టుకుని పడుకునేవాణ్ని, కిటికీలోంచి అంతా వినపడేది. ఆయన ప్రార్థన నేను సభలో విన్నదాని లాంటిది కాదు. అరుపులు లేవు, మాటల గారడీ లేదు, డిపోలో రోజు లెక్క అప్పజెప్పినట్టు ఉంటుంది. గేదె మేత తినట్లేదు. ఎదురింటావిడ మోకాలు ఇంకా వాస్తూనే ఉంది. మిర్చికి తెగులు కనపడుతోంది. ఒకరోజు అదే గొంతుతో, అదే వరసలో, "ప్రభువా, మా అల్లుడికి మూడు కార్డుల మీద అప్పుంది, ఫోన్ మోగినప్పుడల్లా పాపం పెరట్లోకి వెళ్తున్నాడు" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. అప్పు సంగతి ఆయనకి చెప్పింది నా భార్యే. ఆ రాత్రి తనతో గొడవ పడ్డాను, మీ నాన్న నా అప్పుల్ని గేదె మేతతో కలిపి చదువుతున్నాడని. "గేదె కూడా ఇంట్లోదేగా" అంది తను. జవాబు దొరకలేదు నాకు.

ఆ ప్రార్థన ఎప్పుడూ అందరూ కలిసి చెప్పే, యేసు నేర్పిన పరలోక ప్రార్థనతో ముగుస్తుంది. అందులో "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము" అని ఉంది కదా. ఋణాలంటే అక్కడ పాపాలని నా భార్య తర్వాత వివరించింది, అది నాకూ అర్థమయ్యేదే. కానీ రికవరీ ఏజెంట్లు రోజుకి పదిసార్లు ఫోన్ చేస్తున్న మనిషికి ఆ మాట చెవిన పడితే వేరేగా ఉంటుంది. రోజూ ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి నాకు తెలియకుండానే ఫోన్ పక్కన పెట్టేవాణ్ని. అన్నం కూడా పక్క వాక్యంలోనే ఉంది, అనుదినాహారం. దేవుణ్ని అడగాల్సిన వాటిలో ఇవాళ్టి తిండి, ఉన్న అప్పు పక్కపక్కనే పెట్టిన మనిషికి మా ఇంటి పరిస్థితి తెలుసేమో అనిపించేది. భక్తి కాదు ఇది. ఊరికే అనిపించేది.

తర్వాత ఒక సంగతి జరిగింది. మామయ్య దగ్గర అదే పల్లెకి చెందిన ఒకతను ప్రోనోటు మీద 40 వేలు తీసుకున్నాడు. నోటుకి మూడేళ్లే బలం అని అందరికీ తెలుసు, గడువు దగ్గరపడితే వందో రెండొందలో కట్టించుకుని వెనక చెల్లు రాయించుకుంటే మళ్లీ మూడేళ్లు బతుకుతుంది. ఆగస్టులో గడువు. అత్తయ్య నెల ముందు నుంచీ గుర్తు చేస్తూనే ఉంది. అతను రోజూ మా గుమ్మం ముందు నుంచే వెళ్తున్నాడు, మామయ్య పలకరిస్తున్నాడు, గేదె పాలు కూడా పోయిస్తున్నాడు, చెల్లు మాత్రం అడగట్లేదు. నోటు మురిగిపోయింది. అత్తయ్య వారం రోజులు ఆయనతో సరిగా మాట్లాడలేదు, కంచం పెట్టే చప్పుడు మారిపోయింది. నేనూ ఉండబట్టలేక అడిగాను, ఎందుకు మామయ్యా అని.

"పనుల్లేని రోజుల్లో అడిగితే ఏం ఇస్తాడు? సంతకం పెట్టడానికి వస్తాడు, సిగ్గుపడతాడు, మర్నాటి నించి ఈ దారిన రాడు" అన్నాడు. కాసేపాగి, "రోజూ రాత్రి ఆ మాట చెప్తున్నాం గదా మరి" అన్నాడు.

ఆయన్ని మరీ మహాత్ముడిగా అనుకోవద్దు. కౌలు లెక్కల్లో రూపాయి వదలడు, చిల్లర ఇవ్వని కండక్టర్ అని చుట్టాలు ఇప్పటికీ ఏడిపిస్తారు. ఆ ఒక్క చోట మాత్రం, నోటితో అన్నదానికి ఇంట్లో 40 వేలు ఖర్చు పెట్టాడు. అలాంటిది నేను అంతకు ముందు చూడలేదు.

ఇక బియ్యం సంగతి. అత్తయ్య వంటగదిలో స్టవ్ పక్కన ఒక పాత పాలపొడి డబ్బా ఉంటుంది. ఏ పూట వండినా బియ్యం గ్లాసుతో కొలిచి గిన్నెలో పోశాక, కడిగే ముందు, అందులోంచి ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తుంది. దేవుడి డబ్బా. ఆదివారం దాన్ని చర్చికి తీసుకెళ్తుంది. మా పక్క సంఘాల్లో ఆడవాళ్లకి ఇది పాత అలవాటే, మిజోరంలో ప్రెస్బిటేరియన్ సంఘాలు 1910 నుంచి ఇదే పద్ధతిలో చాలా పనులు నడుపుతున్నాయని తర్వాత తెలిసింది. మొదట్లో నాకు ఆ పని తెలివితక్కువగా కనపడింది. "బస్తాలోంచే తియ్యొచ్చుగా అత్తయ్యా, అన్నం తక్కువ కాకుండా ఉంటుంది" అన్నాను.

"బస్తాలోంచి తీస్తే ఎవరికి తగ్గుద్ది బాబూ, బస్తాకి తెలియను కూడా తెలియదు. కొలిచిన దాంట్లోంచే తియ్యాలి. అప్పుడు ఇంట్లో ప్రతివాళ్లకీ ఒక ముద్ద తగ్గుద్ది."

అంటే నేను ఆ ఇంటికి వచ్చిన రోజు నుంచీ, నమ్మకం ఉన్నా లేకపోయినా, నా ముద్ద కూడా ఆ డబ్బాలోకి వెళ్తోందన్నమాట.

మామూలు రోజుల్లో ఆ బియ్యం అంతా ఒక చోట పోసి ఆరాధన తర్వాత వేలంపాట పెడతారు, వచ్చిన డబ్బు సంఘం ఖర్చులకి. లాక్‌డౌన్‌లో జూన్ 8 దాకా చర్చిలు మూసే ఉన్నాయి, ఇళ్లలో డబ్బాలు మాత్రం నిండుతూనే ఉన్నాయి. చర్చి తెరిచాక వేలంపాట పెట్టకుండా, పని పోయిన ఇళ్లకి మనిషికింత అని పంచాలని పెద్దలు అనుకున్నారు. ఒక సాయంత్రం సంఘ పెద్ద ఒకాయన సైకిల్ మీద సంచులు వేసుకుని వచ్చి, నోటుబుక్కులో చూసి, నా పేరు చదివాడు. అయిదు కిలోలు.

నేను బీకాం, ఎంబీఏ. మూడు నెలల ముందు వరకు నా జీతం 68 వేలు. మా ఇంట్లో చిన్నప్పుడు, ఇలాంటి పల్లె పక్క నుంచి బస్సు వెళ్తుంటే, వీళ్లంతా పాలడబ్బాల కోసం, గోధుమపిండి కోసం మతం మారినవాళ్లని పెద్దవాళ్లు నవ్వుతూ చెప్పుకునేవాళ్లు, మేమూ నవ్వేవాళ్లం. ఇప్పుడు ఆ పల్లెలో వరండాలో నిలబడి, వాళ్లు తమ ముద్దల్లోంచి తీసిపెట్టిన బియ్యం నా పేరు మీద తీసుకోవాలి. వద్దన్నాను. నాకు అవసరం లేదండీ, ఇంకెవరికైనా ఇవ్వండి అన్నాను. ఆయన ఏమీ అనలేదు, పెన్ను చెవి మీద పెట్టుకుని అత్తయ్య వైపు చూశాడు. అత్తయ్య వచ్చి సంచి అందుకుని, "సంతకం పెట్టండి బాబూ, ఆయన ఇంకా ఆరిళ్లకి వెళ్లాలి" అంది. పెట్టాను.

ఆ బియ్యం ఎలా ఉంటాయో వండి తిన్నవాళ్లకే తెలుస్తుంది. రేషన్ బియ్యం, సన్నాలు, కొత్తవి, పాతవి అన్నీ కలిసి ఉంటాయి, సగం మెత్తగా అయిపోతే సగం పలుకుగా ఉంటాయి. గోంగూర పచ్చడితో తిన్నాను. మొదటి ముద్ద గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది, ఎందుకు పట్టిందో రాయడానికి ఇప్పటికీ మాటలు సరిగా దొరకట్లేదు, సిగ్గు కొంత ఉంది, దాని కింద ఇంకేదో ఉంది.

ఆ రాత్రి మొదటిసారి లోపలికెళ్లి చాప చివర కూర్చున్నాను. ఎవరూ ఆశ్చర్యపోయినట్టు కనపడలేదు. పాప వచ్చి ఒళ్లో కూర్చుంది.

అన్నం కోసం మతం మారడం గురించి మా చిన్నప్పటి నవ్వుల సంగతి తర్వాత ఎప్పుడో మామయ్యకి చెప్పేశాను. ఆయనకి కోపం వస్తుందనుకున్నా. బండి తీయమని, నన్ను వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డుకి తీసుకెళ్లాడు. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర, సర్వే పని తెలిసినవాడు, బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ల పైచిలుకు తవ్వించే కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. ఆ పని నడిచినంత కాలం, అడిగినా సరే, ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూలి కోసం వచ్చారన్న మాట రాకూడదని. కాలువ పని అయిపోయాక, 1878 జూన్‌లో మళ్లీ మొదలుపెడితే, జులై 3న ఒక్క రోజే 2,222 మంది ఈ నీళ్లలో దిగారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున మార్చుకుంటూ ఇచ్చారు. ఆ దిగినవాళ్లలో తన తాతల తాత ఉన్నాడని మామయ్య అంటాడు, కాగితం ఏమీ లేదు, ఇంట్లో చెప్పుకునే మాట. "కూలి ఉన్నప్పుడు వద్దన్నాడు, కూలి అయిపోయాక వచ్చారు. ఇంక పాలడబ్బా లెక్క నువ్వే వేసుకో" అన్నాడు.

లెక్క అంతటితో అయిపోలేదు. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు, క్రైస్తవులకి ఇవ్వలేదు. చర్చికి వెళ్తున్నానని కాగితం మీద రాసుకున్న మాదిగ మన దగ్గర బీసీ సీ అవుతాడు, ఒక్క శాతం రిజర్వేషన్. కాగితం మీద ఒకటి, ఆదివారం ఒకటి పెట్టుకున్నవాళ్లు ఆ పల్లెలోనే చాలామంది ఉన్నారు, వాళ్లని తప్పుపట్టే స్థితిలో నేను లేను. తాతలనాటి పాకీ పని, చెప్పుల పని, ఊరి బయట ఇల్లు, వీటిలో ఏదీ మతంతో పాటు మారలేదు మరి. మామయ్య మాత్రం బీసీ సీ అనే రాయించుకున్నాడు. దాని వల్ల ఉద్యోగం ఎంత ఆలస్యమైందో అత్తయ్య నోటు మురిగిన వారంలో సంవత్సరాలతో సహా చెప్పింది.

ఒక రోజు, 2021 జనవరి అనుకుంటా, అత్తయ్యా మామయ్యా ఎవరిదో సమాధి కార్యక్రమానికి వేరే ఊరు వెళ్లారు. నా భార్యకి అప్పటికి ఒంగోలులో కాంట్రాక్టు నర్సుగా పని దొరికింది, ఆ రోజు నైట్ డ్యూటీ. నేనూ పాపా. గ్లాసున్నర కొలిచి గిన్నెలో పోసి కుళాయి తిప్పబోతుంటే పాప "నాన్నా, పిడికెడు" అంది. గిన్నెలో చెయ్యి పెట్టి తీశాను. డబ్బాలో వేశాను. అత్తయ్య వేసేటప్పుడు ఒక్క క్షణం కళ్లు మూసుకుంటుంది, నేను దాన్ని రోజూ చూస్తున్నా గమనించలేదనుకున్నాను, చూస్తే నా కళ్లు మూసుకునే ఉన్నాయి. లోపల ఏదో ఒక మాట కూడా అన్నాను. ఏమన్నానో రాయను. అంతే, అది నా సాక్ష్యం, ముందు వరసలో పెద్దాయనకి చాలనిది అదే.

అప్పటి నుంచీ బైబిల్ సొంతంగా చదవడం మొదలుపెట్టాను. కొన్ని చోట్ల బోర్ కొట్టింది, కొన్ని చోట్ల కోపం వచ్చింది. వంశావళుల దగ్గర ఆగిపోతే, అవి వదిలేసి ముందుకెళ్లమని మామయ్యే అన్నాడు. మార్చి నాటికి, బాప్తిస్మం తీసుకుంటానని ఆయనకే ముందు చెప్పాను. సంతోషిస్తాడనుకున్నాను.

"ఇప్పుడొద్దు. మా ఇంట్లో అన్నం తింటూ తీసుకోవద్దు. ఉద్యోగం చూసుకో, వేరే ఇల్లు తీసుకో, అప్పటికీ కావాలంటే చూద్దాం" అన్నాడు.

పాస్టరుగారికి అది నచ్చలేదు, దేవుడి పనికి అల్లుడి ఉద్యోగంతో సంబంధం ఏమిటని ఇంటికొచ్చి అడిగారు. మామయ్య కదల్లేదు. నాకు కష్టంగానే అనిపించింది, కానీ ఆయన చేస్తున్నదేమిటో నాకు అర్థమైంది, గుండ్లకమ్మ ఒడ్డు చూసొచ్చాం కదా.

ఏప్రిల్‌లో చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ యూనిట్‌లో అకౌంట్స్ పని దొరికింది, 18 వేలు. ఒంగోలులో రెండు గదుల ఇల్లు, అద్దె 5 వేలు. ఒక కార్డు సెటిల్‌మెంట్ చేసుకున్నాం, మిగతావి నెల నెలా. కారు లేదు, ఓటీటీలు లేవు, బయట తిండి పాప పుట్టినరోజుకే. పేదరికం గొప్పదని నేను చెప్పను, పళ్లు నొప్పి పుట్టినా నెల ఆగి డాక్టర్ దగ్గరికి వెళ్లడంలో గొప్పేమీ లేదు. అయితే ఆ ఇంట్లో మేము ముగ్గురం రోజూ రాత్రి ఒక చోట కూర్చోవడం మాత్రం నేర్చుకున్నాం. సగం రోజులు పాప మధ్యలోనే నిద్రపోతుంది. ఒక డబ్బా మేమూ కొన్నాం, ఇది హార్లిక్స్‌ది.

2022లో మట్టల ఆదివారం నాడు తీసుకున్నాను. గుండ్లకమ్మలో అనుకుని రెండు నెలలు ఊహించుకున్నాను గానీ, ఏటి దగ్గర నీళ్లు బాగోలేవని చర్చి వెనక సిమెంటు తొట్టిలో ఇచ్చారు. ట్యాంకర్ నీళ్లు, ఎండకి వేడెక్కి ఉన్నాయి. పేరు మార్చుకోలేదు, మార్చుకోమని ఎవరూ అడగలేదు.

అమ్మకి ఫోన్‌లో చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అయితే సంక్రాంతికి రావా?" అంది. వస్తానన్నాను. "మరి మీ నాన్న తద్దినానికి?" అంది. దానికి మాత్రం వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఇప్పటికీ అది నాకు తేలని విషయమే. తద్దినం తమ్ముడు పెడతాడు, నేను ముందు రోజే వెళ్లి కూరలు తరుగుతాను, వచ్చినవాళ్లకి వడ్డిస్తాను, క్రతువులో కూర్చోను. మా సంఘంలో కొందరికి నేను వెళ్లడమే తప్పు, మా బాబాయికి నేను కూర్చోకపోవడం తప్పు. ఆ రోజు నాన్న ఫొటో ముందు నిలబడితే ఏం చెయ్యాలో తెలియక చేతులు కట్టుకుంటాను.

పోయిన వేసవిలో అమ్మ మొదటిసారి వచ్చి మా ఇంట్లో పదిహేను రోజులు ఉంది. తన దేవుడి పటం తనే తెచ్చుకుంది, ఫ్రిజ్ మీద పెట్టుకుంది. రెండో రోజు నుంచి వంట తన చేతిలోకి తీసుకుంది. డబ్బా గురించి పాప చెప్పినట్టుంది, నేను చెప్పలేదు. ఆదివారం చర్చికి బయల్దేరుతూ డబ్బా తీయబోతే వంటగదిలోంచి కేకేసింది:

"ఒరేయ్, అందులో పురుగు పడుతోందిరా, మీవాళ్లెవరికీ తెలియదేంటి? వేపాకు వేసిపెట్టాను, పారబోసుకునేరు. మీ పాస్టరుగారికి కూడా చెప్పు."

చెప్పాను.